చిట్టి కూడా అత్తారింటికి వస్తుందా? పెళ్ళి కుదిరిన అమ్మాయికి నా జవాబు

నువ్వు రాసింది రెండుసార్లు చదివాను తల్లీ. నా కూతురికన్నా చిన్నదానివి కాబట్టి నువ్వు అనే అంటున్నా. 25 ఏళ్ళు, ఉండేది తిరుపతి బైరాగిపట్టెడలో అమ్మానాన్నల దగ్గర, ఉద్యోగం ఇంటి నుంచే. 28,000 జీతంలో 6,000 దాకా మూగజీవాలకే అవుతోంది. ఇంట్లో చిట్టి అనే నాటు కుక్క, రెండు పిల్లులు, వీధిలో నువ్వు అన్నం పెట్టే కుక్కలు ఏడు. పోయిన నెల నిశ్చితార్థం, మాఘంలో పెళ్ళి. అబ్బాయి వాళ్ళది చిత్తూరు. ఇంట్లో మాంసం, గుడ్డు వండరు, అత్తగారికి మడి. చిట్టి సంగతి ఎత్తితే ఆ అబ్బాయి "చూద్దాంలే" అంటున్నాడు. కడుపుతో ఉన్నప్పుడు ఇంట్లో పిల్లులు ఉండకూడదని చుట్టాలు భయపెడుతున్నారు. పట్టుచీర కట్టనంటే అమ్మ ఏడుస్తోంది. జంతువులు పడని వాడైతే ఇప్పుడే వద్దనుకో అని స్నేహితురాలు చెబుతోంది. ఏం చేయాలని అడిగావు.

అన్నిటికీ చెబుతా. కానీ నువ్వు మధ్యలో ఒక్క ముక్కలో అనేసి దాటిపోయిన సంగతి ముందు. రెండు వారాల కింద కపిలతీర్థం రోడ్డులో ఒక పిల్లకుక్క చేయి కొరికిందనీ, కొంచెం నెత్తురొస్తే పసుపు అద్దుకున్నాననీ రాశావు. ఆ పిల్ల మళ్ళీ కనబడలేదనీ అన్నావు. ఇది చదివిన పూటే రుయా ఆసుపత్రికి వెళ్ళు. కరిచిన కుక్క పది రోజుల తర్వాత కూడా బతికి, ఆరోగ్యంగా కళ్ళముందు తిరుగుతుంటే రేబిస్ లేదని నమ్మొచ్చు. కనబడకుండా పోయిన కుక్క విషయంలో ఆ ధీమా లేదు. రెండు వారాలు దాటినా టీకా మొదలుపెట్టడంలో ఆలస్యం అయిపోయిందన్న మాటే లేదు, ఇక ఒక్క రోజు కూడా ఆగకూడదంతే. సర్కారు ఆసుపత్రిలో డబ్బులు అడగరు. చర్మంలో వేసే పద్ధతిలో మొదలుపెట్టిన రోజు ఒకసారి, అక్కడి నుంచి 3, 7, 28 రోజులకు మళ్ళీ వేస్తారు. నెత్తురొచ్చిందని తప్పకుండా చెప్పు, అప్పుడు టీకా పనిచేసేలోపు రక్షణ ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్ అనే మందు కూడా వేయాలో లేదో డాక్టరే చూస్తారు. ఇకముందు పన్ను గానీ గోరు గానీ తగిలితే పసుపు, సున్నం, కారం ఏవీ పెట్టకు. కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడుగు, తర్వాత ఆసుపత్రికి పో.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, తిరుపతి వెటర్నరీ కాలేజీలో చదువుకుని పలమనేరు, పుంగనూరు, చంద్రగిరి వైపు 31 ఏళ్ళు పశువుల డాక్టరుగా పనిచేసినదాన్ని. పలమనేరు దగ్గర ఒక పల్లెలో ఆవు మేత ముట్టకుండా అరుస్తోందని, నోటి నుంచి సొంగ కారుతోందని పిలిచారు. నేను పోయేసరికే గొంతులో ఏదో అడ్డం పడిందనుకుని ఆ ఇంటి నలుగురూ వంతులవారీగా దాని నోట్లో చెయ్యి పెట్టి వెతికేశారు. ఆవుకొచ్చింది రేబిస్. నెల కిందట పొలంలో ఒక కుక్క దాని మూతి కొరికిందని అప్పుడు గుర్తు తెచ్చుకున్నారు. ఆ నలుగురికీ సూదులు వేయించేదాకా నేను ఆ ఊరు వదల్లేదు. రోజూ వీధి కుక్కల్ని ముట్టుకునే నీలాంటివాళ్ళు కరవకముందే మూడు డోసులు వేయించుకుని ఉండాలి. ఇప్పుడు నువ్వు పూర్తి కోర్సు వేసుకుంటే ఆ రక్షణ నీకూ ఉంటుంది. ఇంకోసారి ఏదైనా కరిచినా రెండు డోసులతో సరిపోతుంది.

ఇక పెళ్ళి మాట.

ఆ అబ్బాయితో ఇన్నాళ్ళూ నువ్వు మాట్లాడింది నీకు జంతువులంటే ఎంత ప్రాణమో అన్నదాని గురించి. దానికి ఎవరైనా "సరేలే, చూద్దాంలే" అనే అంటారు. నువ్వు తేల్చుకోవాల్సింది పని గురించి. పొద్దున అయిదున్నరకు చిట్టిని బయటికి ఎవరు తీసుకెళ్తారు, వాన పడే రోజు ఎవరు తీసుకెళ్తారు, నీకు జ్వరమొస్తే దానికి అన్నం ఎవరు కలుపుతారు, అది హాల్లో కక్కుకుంటే ఎవరు తుడుస్తారు, ఇద్దరూ ఊరెళ్ళాల్సొస్తే ఎవరింట్లో ఉంటుంది, నీ జీతంలో ఆ 6,000 పెళ్ళయ్యాక కూడా నీ చేతిలోనే ఉంటుందా. ఇవన్నీ ఒక తెల్లకాగితం మీద రాయి, ఫోన్లో టైపు చేసి పంపొద్దు. అతను తిరుపతికి వచ్చినప్పుడు ఎదురుగా కూర్చుని, ఇందులో నీవి ఏవి, నావి ఏవి అని అడుగు. అన్నీ నావే అనుకుని సర్దుకుపోతానని ముందే నిర్ణయించుకోకు. కడుపుతో ఉన్న ఎనిమిదో నెలలో ఎండాకాలం వస్తే అన్నీ నీవల్ల కావు.

ఈ మాటలు మాట్లాడుకోని ఇళ్ళ నుంచి కుక్కలు నా దగ్గరికి వచ్చేవి, ముఖ్యంగా ముహూర్తాల నెలలు దాటాక. చంద్రగిరిలో ఉన్నప్పుడు ఒకాయన ఆటోలో తెల్ల కుక్కను పడుకోబెట్టుకుని తెచ్చాడు. కూతురికి పెళ్ళై బెంగళూరు వెళ్ళి పన్నెండు రోజులట. కుక్క నీళ్ళు తాగుతోంది, అన్నం ముట్టదు. జ్వరం లేదు, చిగుళ్ళు ఎర్రగానే ఉన్నాయి, రక్తంలో ఏమీ బయటపడలేదు. దాని మెడకింద ఆ అమ్మాయి పాత చున్నీ మడిచి పెట్టాడాయన. "ఏం పెట్టేవాళ్ళు?" అని అడిగితే ఆయనకు తెలీదు. ఏడేళ్ళుగా తన ఇంట్లోనే ఉన్న కుక్క ఏం తింటుందో, ఏ గిన్నెలో తింటుందో, అన్నం చల్లారబెట్టి పెట్టాలో వేడిగానో, ఏదీ తెలీదు. అంతా ఆ పిల్లే చూసుకునేది. కూతురికి ఫోన్ చేసి కనుక్కున్నాం. రెండు రోజులు సెలైన్ పెట్టాక నాలుగో రోజు ఆయన చేతిలోంచే పెరుగన్నం నాకింది. ఆయన అక్కడే నేలమీద కూలబడిపోయాడు. కాబట్టి ఈ వారం నుంచే చిట్టికి ఒక పూట అన్నం మీ నాన్న చేత పెట్టించు, ఇంకో పూట మీ అమ్మ చేత. అది నీతో వచ్చేసినా ఇది వృథా పోదు. కాన్పుకు పుట్టింటికి వస్తావు కదా, అప్పుడు కూడా దానికి నీ చెయ్యి ఒక్కటే అలవాటై ఉండకూడదు.

అతన్ని వద్దనుకోవాలా అన్నదానికి: అతని మాటలు కాదు, చేతలు చూడు. ఇద్దరి పెద్దలకూ చెప్పి ఒక ఆదివారం తెల్లారే రమ్మను, నీ ఏడు కుక్కల దగ్గరికి తీసుకెళ్ళు. భయపడితే పట్టించుకోకు. చిన్నప్పుడు ఎవరో కుక్కను ఉసిగొల్పి ఉంటారు, అలాంటి భయాలు నిదానంగా పోతాయి. బకెట్టు పట్టుకుంటాడా, కుంటుతున్న కుక్క ముందు తినేదాకా ఆగుతాడా, గిన్నెలు కడిగేటప్పుడు పక్కకు జరుగుతాడా అన్నది చూడు. తెలియనివాడికి నేర్పించుకోవచ్చు. "పెళ్ళయ్యాక ఎక్కడో ఒకచోట వదిలేద్దాంలే" అని ఒక్కసారి అన్నా మాత్రం, ఆ మాట నవ్వుతూ అన్నా సరే, అక్కడ ఆగి మళ్ళీ ఆలోచించు. పెంచుకున్న జంతువును ఆకలిదప్పులకు వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద నేరం. నాకైతే చట్టంకన్నా ముందు అది మనిషి గురించి చెప్పే మాట.

నీకు పెళ్ళి కానుకగా పుంగనూరు దూడను కొనిస్తానన్నాడని రాశావు కదా, ఆ మాట నాకు నచ్చింది. నీకేది ఇష్టమో ఆలోచించాడు. కానీ ఆ దూడ వద్దని చెప్పు. పుంగనూరు ఆవు ఎత్తు మూడడుగులు దాటకపోవచ్చు, అయినా అది ఆవే. దానికి పచ్చిమేత కావాలి, నడవడానికి నేల కావాలి, పక్కన ఇంకో పశువు ఉండాలి. మనిషికి ఇల్లు ఎలాగో దానికి మంద అలాగ. ఈ మధ్య హాల్లో టైల్సు మీద పుంగనూరు దూడల్ని తిప్పుతూ ఫోటోలు పెడుతున్నారు. నున్నటి గచ్చు మీద గిట్టలు జారి కీళ్ళు దెబ్బతిన్న దూడలకు నేను వైద్యం చేశాను. పలమనేరులో ఆ జాతిని కాపాడటానికి పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్ళ పరిశోధనా కేంద్రం ఎన్నో ఏళ్ళుగా పనిచేస్తోంది. ఆ అబ్బాయితో ఒకరోజు అక్కడికి వెళ్ళి రండి, ఆ ఆవులు మందలో ఎలా ఉంటాయో చూడండి. కానుక డబ్బుతో మీ వీధిలో ఆడకుక్కలకు ఆపరేషన్లు చేయించమను.

అత్తగారి వంటింటి సంగతి నాకు బాగా తెలుసు. మా అత్త కూడా మడి కట్టుకునే మనిషే. నేను 1988లో కాపురానికి వెళ్ళినప్పుడు నాతో ఒక నల్ల కుక్క వచ్చింది. ఆమె దాన్ని ఒక్క రోజు ముట్టుకోలేదు, వంటింటి గడప దాటనివ్వలేదు. నేనూ దాటించలేదు. పెరట్లో వేపచెట్టు కింద కిరసనాయిలు స్టవ్వు పెట్టుకుని, దానికి వేరే గిన్నె, వేరే గరిటె, కడగడానికి వేరే పీచు. గుడ్లు అక్కడే ఉడికించేదాన్ని, పెంకులు అక్కడే పాతేసేదాన్ని. చేపల జోలికి పోలేదు, వాసన ఇంట్లోకొస్తుందని. ఆమె పద్ధతిని నేను మార్చాలనుకోలేదు, ఆమె నా కుక్కను వెళ్ళగొట్టలేదు. కొన్నాళ్ళకు రాత్రి పడుకోబోయే ముందు ఆమె గదిలోంచి "దానికి పెట్టినావా మే?" అని అడగడం మొదలుపెట్టింది. కుక్క పేరు మాత్రం ఎప్పుడూ పలకలేదు. నువ్వు కూడా పెళ్ళికి ముందే ఆమెను ఒకసారి కలిసి, వంటింట్లోకి, పూజగదిలోకి చిట్టి రాదు, దాని వంట బయటే చేసుకుంటాను అని నువ్వుగా చెప్పు. కొడుకు ద్వారా చెప్పించకు. ఇంట్లో ఎవరికైనా ఆయాసం, ఎలర్జీ ఉన్నాయేమో కూడా అప్పుడే అడుగు. అవి నిజమైన ఇబ్బందులు, ఆచారాలతో కలిపి తోసిపుచ్చకూడదు.

తిండి విషయంలో కుక్కకూ పిల్లికీ ఉన్న తేడా అర్థం చేసుకోవాలి. కుక్క కొంతవరకు శాకాహారంతో నెట్టుకొస్తుంది. ఒట్టి పెరుగన్నంతో మాత్రం కండ నిలవదు, గుడ్డో, డాక్టరు చెప్పిన పొడి ఆహారమో ఉండాలి. పిల్లి అలా కాదు. మాంసంలో దొరికే టారిన్ అనే పదార్థం లేకపోతే దాని కళ్ళు పోతాయి, గుండె కండరం దెబ్బతింటుంది. పాలు, అన్నం పోసి పిల్లిని పెంచుతాననడం దాన్ని నిదానంగా పస్తు పెట్టడమే. అందుకని పిల్లుల విషయంలో నా సలహా వేరు. పిల్లికి మనిషికన్నా చోటు మీద మమకారం ఎక్కువ. మీ అమ్మకు వాటితో చనువుంటే వాటిని బైరాగిపట్టెడలోనే ఉండనివ్వు, వాటి తిండి డబ్బు నువ్వు పంపు. తీసుకెళ్ళాలనే అనుకుంటే మొదటి రెండు వారాలు ఒకే గదిలో, తలుపులు కిటికీలు మూసి ఉంచగలగాలి. పెళ్ళి చుట్టాలు తిరిగే ఇంట్లో అది కుదిరేపని కాదు.

ఇంకో రెండు జాగ్రత్తలు నీ అత్తారింట్లో అందరికీ చెప్పి పెట్టు. పిల్లికి ఒంట్లో వెచ్చగా ఉందని పారాసెటమాల్ ఇస్తే ఒక్క మాత్రకే చచ్చిపోతుంది. రెండోది మన ఊరి వాళ్ళకు మరీ ముఖ్యం: శ్రీవారి లడ్డు కుక్కలకు పెట్టొద్దు. భక్తితోనే పెడతారు, నేను కాదనను. కానీ అందులో ఎండుద్రాక్ష ఉంటుంది. ద్రాక్ష కుక్కల మూత్రపిండాలను పాడుచేస్తుంది, ఏ కుక్కకు ఎంతలో పాడవుతుందో ముందు చెప్పలేం. ఉల్లిపాయ వేసిన కూర, పులుసు కూడా అంతే, నెత్తురు పలచబడిపోతుంది.

కడుపుతో ఉన్నప్పుడు పిల్లి అనే భయం ఉత్త పుక్కిటి మాట కాదు, అలాగని పిల్లిని ఇంట్లోంచి పంపేయాల్సినంతదీ కాదు. టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి ఉంది. అది పిల్లి మలంలోంచి రావొచ్చు, గర్భంలో బిడ్డకు హాని చేయొచ్చు. అయితే పిల్లి దాన్ని బయటికి వదిలేది సాధారణంగా జీవితంలో ఒకసారి, ఒకటి నుంచి మూడు వారాలపాటు. ఎలుకల్ని, పచ్చిమాంసాన్ని తినే పిల్లులకే ఎక్కువగా సోకుతుంది. మలంలో పడ్డ సూక్ష్మజీవి అంటుకునే స్థితికి రావడానికి 1 నుంచి 5 రోజులు పడుతుంది. అంటే పిల్లుల మట్టి తొట్టిని ఏ రోజుకారోజు శుభ్రం చేస్తే చాలావరకు ప్రమాదం తప్పినట్టే. ఆ పని ఆ తొమ్మిది నెలలూ ఇంట్లో వేరేవాళ్ళు చేయాలి, కుదరకపోతే గ్లవుజులు వేసుకుని చేసి చేతులు కడుక్కో. సరిగా ఉడకని మాంసం, కడగని ఆకుకూర, చెట్లకు పాదులు తీసిన మట్టి చేతులు, వీటి ద్వారా కూడా అదే జబ్బు వస్తుంది. ఆ మాట భయపెట్టే చుట్టాలెవరూ చెప్పరు. కుక్క ద్వారా ఈ భయం లేదు. కుక్క వెంట్రుక కడుపులోకి పోతే బిడ్డకు ఏదో అవుతుందనేది నిజం కాదు. చిట్టికి ఏడాదికోసారి టీకాలు, వేళకు నులిపురుగుల మందు, పిడుదులు లేకుండా చూడటం, ఇవి చేస్తే చాలు. కడుపుతో ఉన్నప్పుడు కుక్క కరిచినా రేబిస్ టీకా వేసుకోవచ్చు, వేసుకోవాలి. గర్భిణి అని ఆపకూడదు.

పట్టుచీర దగ్గర మీ అమ్మను నొప్పించకుండా దారి ఉంది. దారం తెగకుండా తీయడానికి గూటిలో పురుగు ఉండగానే ఆవిరిలోనో వేడిగాలిలోనో చంపుతారన్నది నిజమే, నీ బాధ నాకర్థమవుతుంది. పలమనేరు, కుప్పం వైపు మల్బరీ ఆకు కోసి బతికే కుటుంబాలను దగ్గర నుంచి చూశాను కాబట్టి వాళ్ళను నేను తప్పు పట్టలేను. అది వాళ్ళ బతుకు. నువ్వు మాత్రం కొత్త పట్టు కొనకుండా ఉండొచ్చు. మీ అమ్మ పెళ్ళిచీర పెట్టెలో ఉండే ఉంటుంది, ముహూర్తానికి అది కట్టుకో. దానికోసం కొత్తగా ఒక్క పురుగూ చావదు, మీ అమ్మ కూడా మళ్ళీ ఏడుస్తుంది గానీ అది వేరే ఏడుపు. మధుపర్కాలు ఎటూ నూలువే. మిగతా వేడుకలకు వెంకటగిరి నూలు చీరలకు మించినవి నాకైతే తెలీవు.

చీరకన్నా నీ పెళ్ళిలో ప్రాణాల మీదికి వచ్చేది ఇంకొకటుంది, నువ్వు దాన్ని రాయలేదు. మిగిలిపోయిన అన్నం.

కల్యాణమండపం వెనక రాత్రి పూట మిగిలిన అన్నం, చక్కెర పొంగలి, పాయసం కుప్పగా పోస్తారు. ఆవులు తింటే పుణ్యం అనుకుంటారు. ఒక అర్ధరాత్రి నన్ను పిలిచారు, తొలిచూలు ఆవు, ఆరో నెల చూడి. సాయంత్రం అలాంటి కుప్పలో కడుపు నిండా తిని వచ్చింది. నేను పోయేసరికి ఎడమ డొక్క బిగుసుకుపోయి ఉంది, కళ్ళు లోపలికి పోయాయి, నిలబెడితే తాగినదాని మాదిరి తూలుతోంది. మూతి దగ్గర వంగితే పులిసిన కలి వాసన. అలవాటు లేని అన్నం ఒక్కసారిగా అంత పడితే పశువు పెద్దపొట్టలో పులిసి ఆమ్లం అవుతుంది, అది నెత్తుట్లోకి ఎక్కుతుంది. సోడా పట్టించాం, సెలైన్లు ఎక్కించాం. తెల్లవారే ముందు మెడ వాల్చేసింది. ఆ ఇంటావిడ దాని కొమ్ముకు కట్టిన పూసలు ఊడదీసుకుంటూ "పండక్కి పెట్టిన మాదిరే తిన్నాది కదమ్మా" అంది. ఆమెకు నేనేం చెప్పగలను.

ప్లాస్టిక్ ఇంకో చావు. ఎడమ డొక్క దగ్గర మత్తు ఇచ్చి, ఆవు నిలబడి ఉండగానే కోసి, భుజం దాకా చెయ్యి లోపల పెట్టి లాగుతాం. కవర్లు విడివిడిగా రావు, జడ అల్లినట్టు మోకులా పెనవేసుకుని వస్తాయి. ముడులు విప్పని సాంబారు కవర్లు, మధ్యలో ఒక చిల్లర నాణెం, దబ్బనం, కొబ్బరి పీచు. ఒకసారి పెద్ద బకెట్టు నిండి ఇంకా మిగిలాయి. అందుకని నీ పెళ్ళికి వంటవాళ్ళతో ముందే ఒప్పందం చేసుకో: ప్లాస్టిక్ పూత ఉన్న విస్తరాకులు వద్దు, అరిటాకులే. మిగిలిన అన్నం మనుషులకు పంచేవాళ్ళను ముందురోజే మాట్లాడి పెట్టు. పశువులకు వేయదలిస్తే అరిటాకులు, కూరగాయల తొక్కలు, అవీ కొద్దికొద్దిగా. టపాసులు వద్దని చెప్పు. ఊరేగింపుకు గుర్రం అద్దెకు తెస్తామని ఎవరైనా అంటే, బ్యాండు పక్కన దాని చెవులు ఎలా వెనక్కి వాలిపోతాయో చూడమను.

ఏడు వీధి కుక్కల విషయంలో నీకు నచ్చని మాట చెప్పాలి. నువ్వు రెండేళ్ళుగా అన్నం పెడుతున్నావు, వాటిలో మూడు ఆడకుక్కలకు ఇంకా ఆపరేషన్ కాలేదని రాశావు. ఆడకుక్క ఏడాదికి రెండుసార్లు ఎదకొస్తుంది, కడుపు మోసేది 63 రోజులు. నువ్వు చిత్తూరు వెళ్ళిన ఏడాదికి ఆ వీధిలో ఏడు ఉండవు, అన్నం పెట్టే చెయ్యీ ఉండదు. ఈ మూడు నెలల్లో నువ్వు వాటికి చేయగలిగిన అన్నిటికన్నా పెద్ద మేలు ఆపరేషన్లు, రేబిస్ టీకాలు. నగరపాలక సంస్థ వాళ్ళతో మాట్లాడు. 2023 నాటి నియమాల ప్రకారం ఆపరేషన్ చేసి, టీకా వేసి, గుర్తుకు చెవి కొస కత్తిరించి, పట్టిన చోటే మళ్ళీ వదలాలి. పట్టుకెళ్ళిన రోజు, వదిలిన రోజు రెండూ నువ్వు రాసుకో. అన్నం పెట్టే చోటు మెట్ల దగ్గరా, పిల్లలు ఆడుకునే దగ్గరా ఉండకూడదు, వేళ ఒకటే ఉండాలి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా వార్డుల్లో ఇందుకు చోట్లు కేటాయించమని, ఎక్కడపడితే అక్కడ వీధుల్లో పెట్టొద్దని చెప్పింది. మీ వార్డులో ఆ చోటు ఏదో కనుక్కో. తర్వాత ఆ పనికి ఇద్దరిని చూడు. ఒక్కరైతే ఊరెళ్ళినప్పుడు ఆగిపోతుంది. పాలు పోసే మనిషో, వాచ్‌మనో అయితే మరీ మంచిది, వాళ్ళు ఎలాగూ తెల్లారే లేస్తారు. ఇప్పటినుంచే వాళ్ళతో కలిసి పెట్టు, చివరి నెలలో నువ్వు వెనకాల నిలబడు.

ఉద్యోగం మానేసి షెల్టర్ పెడతానన్న ఆలోచనను రెండేళ్ళు పక్కన పెట్టు. మందులకు డబ్బు కావాలి, పెళ్ళైన కొత్తలో నీ చేతిలో నీ జీతం ఉండటం చిట్టికి కూడా రక్షణే.

చంద్రగిరి దగ్గర అత్తవారి సొంత ఊళ్ళో కనుమకు పశువుల పండగ జరుగుతుందనీ, అక్కడికి ఎప్పటికీ పోననీ రాశావు. రంగంపేట వైపు నేను చాలా ఏళ్ళు చూశాను. కొమ్ములకు పలకలు కట్టి జనం మధ్యలోంచి తరుముతారు, పశువులకూ మనుషులకూ దెబ్బలు తగులుతాయి. సాయంత్రానికి కుట్లు వేసేది మేమే. నువ్వు పోకపోవడం సరైనదే. కానీ పొద్దున పశువులకు నీళ్ళు పోసి, కొమ్ములకు రంగు వేసి, పసుపు కుంకుమ పెట్టే వేళకు వెళ్ళు. ఆ పనిలో చెయ్యి కలుపు. మధ్యాహ్నానికి ఇంట్లోకొచ్చేయ్. ఆ ఇంటి ముసలాయనకు తన ఎద్దు మీద ఉన్న ప్రేమ నీ చిట్టి మీద నీ ప్రేమకు తీసిపోదు.

చివరగా చిట్టి ప్రయాణం. పెళ్ళి రోజు నీతో తీసుకెళ్ళకు. బాజాలు, చుట్టాలు, తెరిచి ఉండే గేట్లు, ఆ గోలలోనే కుక్కలు తప్పిపోతాయి. పది రోజులాగి, చుట్టాలు వెళ్ళిపోయాక, నువ్వూ ఆ అబ్బాయీ ఇద్దరూ వచ్చి కారులో తీసుకెళ్ళండి. అంతకుముందే అతను తిరుపతి వచ్చినప్పుడల్లా దాని గొలుసు అతని చేతికివ్వు, బిస్కెట్టు అతనే పెట్టాలి. అతని పాత చొక్కా ఒకటి చిట్టి పడుకునే చోట వేసి ఉంచు. మెడపట్టీకి మీ ఇద్దరి ఫోన్ నంబర్లు రాసిన బిళ్ళ కట్టు. కొత్త ఇంట్లో మొదటి రెండు మూడు వారాలు గొలుసు లేకుండా గేటు దాటనివ్వకు. కుక్క పాత ఇల్లు వెతుక్కుంటూ హైవే ఎక్కేస్తుంది, చిత్తూరు నుంచి తిరుపతి 70 కిలోమీటర్లు. ఎండాకాలంలో పొద్దెక్కాక తారు మీద నడిపించకు, నీ అరచెయ్యి తారు మీద కాసేపు ఆనించి చూడు, నీకు ఓర్చుకోలేనంత వేడిగా ఉంటే దానికీ అంతే. దాని పక్కగుడ్డ మాత్రం ఉతకొద్దు. మీ అమ్మ శుభ్రంగా పంపాలని ఉతికేస్తుంది, ముందే చెప్పి పెట్టు. ఆ మాసిన గుడ్డనే కొత్త ఇంట్లో, రాత్రిపూట నీ గొంతు దానికి వినబడేంత దగ్గరలో, వసారాలోనైనా సరే, పరిచి పెట్టు.